లెక్కలోకి రాని నెత్తురు

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా నాయన పట్నం పోవాల్సి వస్తే బస్సు రోడ్డు దాకా నన్ను వెంటబెట్టుకుని పోయేవాడు. మా ఊరి నుంచి రోడ్డుకి రెండు మైళ్ళు. మధ్యలో వంక, వంక దాటితే గుట్ట, గుట్ట పక్కన ఎవరివో కంది చేలు. నేను ముందు, ఆయన నాలుగడుగులు వెనక. బస్సెక్కే ముందు నా చేతిలో పావలా పెట్టేవాడు. తిరుగు దారిలో నేనొక్కదాన్నే వచ్చేదాన్ని. పిల్లలందరిలో నాయనకి నేనంటేనే ఇష్టమని, అందుకే నన్ను తీసుకుపోతాడని గర్వంగా ఉండేది. ఇది 1978 నాటి మాట. అంతకు ముందు ఏడాదే మా చిన్నాయనను అదే వంకలో నరికారు. మా అన్నను బళ్ళారిలో మేనమామ ఇంటికి పంపేశారు. నాకు పెళ్ళయిన చాలా ఏళ్ళకు ఏదో మాటల్లో అమ్మ చెప్పింది: "ఆడపిల్ల ముందర నడుస్తాంటే ఎవురూ చెయ్యెత్తరని తీసకపోయేవాడు లేమ్మా."

ఆ మాట విన్నప్పుడు నాకు ఏమనిపించిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. కోపమా అంటే పూర్తిగా కోపం కాదు. నాయన ప్రాణానికి నేను అడ్డం నిలబడ్డానన్న తృప్తి కూడా అందులో కొంత ఉంది. దాన్ని దాచుకుని ఈ వ్యాసం రాయడం నిజాయితీ అనిపించుకోదు.

తర్వాత యూనివర్సిటీలో చదివేటప్పుడు ఎడిత్ డరమ్ అనే ఇంగ్లీషామె పుస్తకం చేతికొచ్చింది. ఆమె 1908లో గుర్రమెక్కి ఉత్తర అల్బేనియా కొండలన్నీ తిరిగి 1909లో 'హై అల్బేనియా' రాసింది. ఆ కొండల్లో కుటుంబాల మధ్య నెత్తుటి పగలు తరాల తరబడి నడిచేవి. స్త్రీ తోడుగా నడుస్తున్న మగవాణ్ణి కాల్చకూడదన్నది అక్కడి నియమం. పగవాళ్ళు పొంచి ఉన్న దారిలో పోవాల్సి వస్తే మగవాడు ఇంటి ఆడమనిషిని వెంట తీసుకుపోయేవాడట. నేను ఆ పేజీ మీద వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మా ఊళ్ళో అదేం రాసి పెట్టుకున్న నియమం కాదు, ఒక తండ్రి భయంలోంచి పుట్టిన ఉపాయం. కానీ కంది చేను పక్కన నడిచిన ఆ పిల్ల, ఏడు సముద్రాల అవతల ఏదో కొండదారిలోనూ నడిచింది. అప్పటినుంచి ఆ కొండల గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చాను.

అక్కడి పగలకు ఒక చట్టం ఉంది. పదిహేనో శతాబ్దపు దొర లెకె దుకాజిని పేరు మీద దాన్ని 'కానూన్' అంటారు. ఒట్టోమన్ పాలకుల కచేరీలు, పోలీసులు ఆ కొండల్లోకి సరిగ్గా ఎప్పుడూ ఎక్కలేకపోయాయి. రాజ్యం లేనిచోట నోటిమాటగా నడిచిన న్యాయం అది. ష్ట్యెఫెన్ గ్జెచోవి అనే ఫ్రాన్సిస్కన్ ఫాదరీ ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగి దాన్ని సేకరించాడు. 1929లో ఆయన్ని చంపేశారు. పుస్తకం 1933లో అచ్చయింది. చదవని వాళ్ళు దాన్ని అనాగరికుల చేతిపుస్తకం అనుకుంటారు. నిజానికి అందులో సగం, చంపడానికి హద్దులు గీయడం గురించే. చంపినవాడు తానే చంపానని కబురంపాలి. శవాన్ని పడుకోబెట్టే తీరు, తుపాకి పెట్టే చోటు కూడా చెప్పి ఉంటుంది. చంపినవాడికి 'బెసా', అంటే మాట ఇచ్చిన గడువు, మొదట ఒక రోజు, తర్వాత ముప్ఫై రోజులు దొరుకుతుంది. ఆ గడువులో అతను చనిపోయినవాడి అంత్యక్రియలకు కూడా వెళ్ళి భోజనం చేసి రావాలి. ఒక ప్రాణానికి ఒకే ప్రాణం. మగవాళ్ళ నెత్తురులో గొప్పింటిది, బీదింటిది అన్న తేడా లేదు. ఈ సమానత్వం చదివి ముచ్చటపడ్డ మగ పండితులు చాలామందే ఉన్నారు.

ఆ సమానత్వంలో మనం లేం. స్త్రీ నెత్తురు పగలో జమకి రాదు. ఆమెను చంపి పగ తీర్చుకోవడం సిగ్గుచేటు. ఆమె ఎవర్నన్నా చంపితే ఆ బాకీ ఆమె మగవాళ్ళ మీద పడుతుంది. కానూన్ ఆమెను బరువు మోసే తోలు సంచితో పోల్చింది. గర్భిణిని చంపితే ఏం చేయాలో చెప్పిన చోట నేను ఆగిపోయాను. ఆమె కడుపు కోసి బిడ్డ ఆడో మగో చూడాలి. తల్లికి మూడు సంచుల డబ్బు జరిమానా. లోపల మగబిడ్డ ఉంటే దానికి పైన ఆరు, ఆడబిడ్డయితే మూడు. పుట్టని మగవాడు బతికిన తల్లికి రెండింతలు. ఇంతకంటే ఖచ్చితంగా పితృస్వామ్యం తన లెక్కల పుస్తకాన్ని ఎక్కడ రాసిపెట్టింది?

ఇంకొకటుంది, పెళ్ళి సారెలో తూటా. పెళ్ళికూతురి పుట్టింటివాళ్ళు అల్లుడికి ఒక తూటా ఇచ్చి పంపుతారు. ఆమె వేరే మగవాడితో పోయినా, ఇంటికొచ్చిన అతిథికి ద్రోహం చేసినా అతను దానితో చంపవచ్చు, వాళ్ళు అడగరు. ఈ రెండు కారణాలు లేకుండా చంపితే మాత్రం పుట్టింటివాళ్ళు పగబడతారు. ఆమె చాకిరీ మెట్టినింటిది, నెత్తురు పుట్టింటిది, దేహంలో తనదంటూ ఆమెకు మిగిలిందేమిటో కానూన్ ఎక్కడా చెప్పదు.

మన సెమినార్లలో ఈ విషయం మాట్లాడినప్పుడు రెండు రకాల స్పందనలు వచ్చేవి. కొందరు మిత్రులు ఇది స్త్రీకి దక్కిన రక్షణ అనేవాళ్ళు: కనీసం ప్రాణాలతో వదిలేశారు కదా. మరికొందరు ఇది అవమానం, ఆమెను మనిషిగానే గుర్తించకపోవడం అనేవాళ్ళు. నేను చాలాకాలం రెండో పక్షమే. కానీ "మమ్మల్నీ చంపదగినవాళ్ళుగా లెక్కించండి" అని ఏ స్త్రీవాది అడగగలదు? నా నడకే గుర్తొస్తుంది. నన్ను లెక్కించకపోబట్టే నేను వంక దాటి ఒంటరిగా ఇంటికి రాగలిగాను.

1944 తర్వాత ఎన్వెర్ హోజా ప్రభుత్వం ఈ పగల్ని ఉక్కుపాదంతో అణచింది. 1991లో ఆ వ్యవస్థ కూలాక అవి మళ్ళీ లేచాయి. కారణం పాత నెత్తురు ఒక్కటే కాదు. 1991 భూమి చట్టం సహకార క్షేత్రాల భూముల్ని వాటిలో పనిచేసినవాళ్ళకి పంచమంది. కొండవాళ్ళు తాతల నాటి గట్లే గట్లన్నారు. గొడవలు గట్ల దగ్గర, నీళ్ళ కాలవల దగ్గర మొదలయ్యాయి. 1997లో మోసపు పొదుపు కంపెనీలు కుప్పకూలి దేశమంతా అల్లకల్లోలమైనప్పుడు సైనిక ఆయుధాగారాలు లూటీ అయి తుపాకులు ఇళ్ళలోకి చేరాయి. పగలో చిక్కుకున్న కుటుంబాలు ఎన్ని అన్నదాని మీద పెద్ద తగాదా ఉంది. 2010లో ఐక్యరాజ్యసమితి తరఫున వెళ్ళిన ఫిలిప్ ఆల్స్టన్, కొన్ని సంస్థలు చెప్పే అంకెలు బాగా పెంచినవని అన్నాడు. అంకెల తగాదాలోకి నేను పోను. నన్ను పట్టుకున్నది ఆ ఇళ్ళ లోపలి దృశ్యం.

పగ ఉన్న ఇంట్లో మగవాళ్ళు, తుపాకి మోయగల వయసు దగ్గరపడుతున్న మగపిల్లలు, గడప దాటరు. ఇల్లు పగలో పడదు కాబట్టి ఇంట్లో ఉన్నంతసేపే ప్రాణం. బడికి వెళ్ళని మగపిల్లలు కిటికీ దగ్గర కూర్చుని ఉంటారు. ఆడవాళ్ళు బయటికి వెళ్తారు. పొలం దున్నించేది, సంతకి పోయేది, కూలి తెచ్చేది, కచేరీల చుట్టూ తిరిగేది ఆడవాళ్ళే. గడప దాటడం గురించి మనం ఎన్ని కవితలు రాసుకున్నాం, ఎన్ని కథలు! అక్కడ గడప తిరగబడింది. మగవాడు లోపల, ఆడది బయట. అయినా ఆమెకు స్వేచ్ఛ రాలేదు. లోపల కూర్చున్నవాడి మాటే ఇంటి మాట. బయటి పని అంతా నెత్తిన పడ్డాక కూడా, పగ ఉంచాలా తెంచాలా అన్నచోట ఆమెను ఎవరూ అడగరు. మా సీమలో కూడా, ఊరు విడిచిపోయిన మగవాళ్ళ సేద్యాన్ని ఏళ్ళకేళ్ళు లాక్కొచ్చిన ఆడవాళ్ళను నేను ఎరుగుదును. గడప ఒక్కటే దాటితే సరిపోదని వాళ్ళను చూశాకే నాకు తెలిసింది.

(ఇక్కడ ఒక మాట. మా ఫ్యాక్షన్‌నీ అల్బేనియా కొండల పగనీ ఒకటే అనడం నా ఉద్దేశం కాదు. అక్కడ రాజ్యం లేకపోవడం వల్ల పుట్టింది. మా దగ్గర రాజ్యం, కాంట్రాక్టులు, సారా వేలాలు, పార్టీ టిక్కెట్లు ఉండబట్టే పెరిగింది. సినిమావాళ్ళు దాన్ని 'సీమ రక్తం' అని అమ్ముకున్నారు. ఆ సంగతి వేరే రాయాలి.)

అక్కడ ఆడదానికి లెక్కలోకి వచ్చే దారి ఒకటి ఉండేది. పన్నెండు మంది పెద్దల ముందు జన్మలో పెళ్ళి చేసుకోనని ప్రమాణం చేసి, జుట్టు కత్తిరించి, మగబట్టలు కట్టి, తుపాకి పట్టి మగవాడైపోవడం. అలాంటివాళ్ళను 'బుర్నేషా' అంటారు. మగదిక్కు లేని ఇంటి కోసం కొందరు అలా మారారు. ఇష్టం లేని సంబంధాన్ని కాదంటే మగపెళ్ళివారికి అవమానం, అవమానానికి పగ; ఆ పగ రాకుండా తప్పించుకోవడానికి కొందరు మారారు. ఆంటోనియా యంగ్ వీళ్ళ మీద 2000లో ఒక పుస్తకమే వేసింది. వీళ్ళ ఫోటోలు చూసి మనలో కొందరం ఉత్సాహపడ్డాం, లింగభేదాన్ని ధిక్కరించిన వీరవనితలని. నాకా ఉత్సాహం నిలవలేదు. "నేను ఇతన్ని చేసుకోను" అన్న ఒక్క మాట అనడానికి జీవితంలోని ప్రేమనూ దేహాన్నీ మొత్తం జరిమానా కట్టాల్సి రావడాన్ని ధిక్కారం అని ఎలా అనగలం?

ఆమెకు దక్కిన రెండో పాత్ర జ్ఞాపకం. చనిపోయినవాడి నెత్తుటి చొక్కాను దాచి ఉంచడం, మగపిల్లలకు చూపించడం. కోర్సికా ద్వీపపు కొండల్లో, గ్రీసులోని మాని కొండల్లో శవం దగ్గర పాడే ఏడుపుపాటలు ఆడవాళ్ళవే. ఆ పాటల్లో పగ తీర్చమన్న పిలుపూ ఉండేది. సభలో మాట్లాడే హక్కు లేనివాళ్ళకు శవం దగ్గర మాత్రం గొంతు దొరికేది. అక్కడ దుఃఖానికి సమాజం ఆమోదించిన వాక్యం ఒక్కటే, పగ. తర్వాత మగవాళ్ళు ఆ వాక్యాన్నే చూపించి "చూశారా, చంపించేది ఆడవాళ్ళే" అన్నారు. మన పల్నాడు యుద్ధం మొత్తానికి నాగమ్మను బాధ్యురాల్ని చేసినట్టు.

కోర్సికాలోని ఫొజ్జానోలో కొలోంబా బార్తోలి అనే ఆమె ఉండేది. 1833లో రెండు వర్గాల మధ్య జరిగిన కాల్పుల్లో ఆమె కొడుకు చనిపోయాడు. 1839లో ఫ్రెంచి రచయిత మెరిమే ఆ ఊరు వెళ్ళి, అప్పటికి అరవై దాటిన ఆమెను కలిశాడు. మరుసటి ఏడు 'కొలోంబా' నవల వచ్చింది. అందులో కొలోంబా అందమైన పడుచుపిల్ల. అన్నను పగకి ఎగదోసే చెల్లెలు. ప్రపంచమంతా చదివింది. పగను నమ్మి, ఆ పగకే కొడుకును పోగొట్టుకుని, ఆ తర్వాత పాతికేళ్ళకు పైగా బతికిన ముసలితల్లి ఆ నవలలో లేదు. రెచ్చగొట్టే స్త్రీ కథకి పనికొస్తుంది. రెచ్చగొట్టి, పోగొట్టుకుని, ఆ రెండిటితో మిగిలిపోయిన స్త్రీ ఎవరికి కావాలి?

నాకు కావాలి, ఎందుకంటే ఆమె మా ఇంట్లోనే ఉండేది. మా జేజి.

చిన్నాయన చొక్కాను జేజి ట్రంకుపెట్టెలో పాతచీరలో చుట్టి దాచింది. పెద్దల అమావాస్యనాడు దాన్ని తీసి విస్తరి పక్కన పెట్టేది. ఏమీ అనేది కాదు. నాయన, పెదనాయన తినకుండా చేతులు కడుక్కుని లేచిపోయేవాళ్ళు. 1980లో చుట్టుపక్కల పెద్దమనుషులు రాజీకని మా మిద్దె మీద కూర్చున్నారు. జేజి కింద వాళ్ళందరికీ అన్నం వండింది, మజ్జిగ చిలికింది. రాజీ కుదరలేదు. 1981లో అవతలివాళ్ళ పిల్లవాణ్ణి, పంతొమ్మిదేళ్ళవాణ్ణి, చంపారు. ఆ కేసులో మా ఇంటి మగవాళ్ళు ముద్దాయిలు. సాక్షులు అడ్డం తిరిగారు, కేసు కొట్టేశారు.

నేను ఇన్నాళ్ళూ రాసినవాటిలో, మాట్లాడినవాటిలో జేజిని బాధితురాలిగానే చెప్పాను. చొక్కా సంగతి చెప్పలేదు. చెప్తే ఆమె కథ మన సిద్ధాంతంలో ఇమడదని భయపడ్డాను. నా సంగతి కూడా చెప్పలేదు. 1978లో నేను ముందు నడిచి బతికించుకున్న మనిషి 1981లో ముద్దాయి. తొమ్మిదేళ్ళ పిల్లకి అందులో బాధ్యత లేదని నాకు తెలుసు. కానీ ఆ పిల్లకి దక్కిన పావలాలు గుర్తున్న ఈ మనిషికి?

ఒకసారి ధైర్యం చేసి జేజిని అడిగాను, ఆ రోజు రాజీకి ఎందుకు ఒప్పుకోలేదని. కంది బేడలు చెరుగుతూ చేట ఆపకుండానే అంది: "నన్నెవురు అడిగిరి?"

ఆ మూడు ముక్కల్ని నేను చాలాకాలం ఒకే రకంగా అర్థం చేసుకున్నాను: అడిగి ఉంటే ఒప్పుకునేదని. అది నా ఆశ మాత్రమే. అడిగి ఉంటే "కుదరదు" అనేదేమో కూడా. అసలు విషయం ఆమె ఏమనేదన్నది కాదేమో. క్షమించడానికి ముందు బాకీ తనదై ఉండాలి. కొడుకు నెత్తురు తనకు బాకీ అని లెక్కలో లేని తల్లి, దాన్ని కొట్టివేయడానికి కూడా అర్హురాలు కాదు. ఆమె చేతిలో ఉన్నది చొక్కా ఒక్కటే.

పోతన భాగవతం ప్రథమ స్కంధంలో ద్రౌపది గుర్తొస్తుంది. నిద్రలో ఉన్న ఐదుగురు కొడుకుల్ని చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చి ముందు పడేస్తే, అతని తల్లి కృపి నాలాగా ఏడవకూడదు, వదిలేయమంటుంది. మనం ఆ క్షమను పాఠ్యపుస్తకాల్లో చదువుకుని పెరిగాం. తర్వాత ఏం జరిగిందో అంత శ్రద్ధగా చదవలేదు. భీముడు చంపాల్సిందేనంటాడు. చివరికి తల గొరిగి, శిరోమణి పెరికి వెళ్ళగొట్టారు. ఇద్దరి మాటా చెల్లేలా కృష్ణుడూ అర్జునుడూ కుదిర్చిన మధ్యేమార్గం అది. భారతం సౌప్తిక పర్వంలోని ద్రౌపది వేరు, ఆమె అతని చావు కోరి ప్రాయోపవేశానికి కూర్చుంటుంది. అక్కడా దొరికింది మణే. పగ కోరినా, క్షమ కోరినా ఆమె ముందుకొచ్చింది ఒకటే రాయి. ఈ ఇద్దరు ద్రౌపదులూ ఒకే తల్లి అని అనుకోవడానికి నాకిప్పుడు కష్టమనిపించదు.

కొసావోలో 1990లో జరిగింది చదివినప్పుడు నాకు ఆశా అనుమానమూ రెండూ కలిగాయి. అక్కడి అల్బేనియన్లలోనూ ఇవే పగలు. 1989లో సెర్బియా వాళ్ళ స్వయంప్రతిపత్తిని తీసేశాక, పేయా ప్రాంతపు విద్యార్థులు కొందరు ఇల్లిల్లూ తిరిగి పగలు విడవమని అడగడం మొదలుపెట్టారు. వాళ్ళలో జైలు నుంచి వచ్చిన యువతులూ ఉన్నారు, హవా షాలా లాంటివాళ్ళు. 'ఓడా' అనే మగవాళ్ళ చావడిలో, ఆడవాళ్ళు కూర్చోని చోట, కూర్చుని మాట్లాడారు. జానపద పండితుడు అంతోన్ చెత్తా వాళ్ళకి పెద్దదిక్కయ్యాడు. 1990 మే 1న వెర్రాత్ ఎ లుకెస్ అనే చోట లక్షల మంది చూస్తుండగా కుటుంబాలు చేతులు కలిపాయి. రెండు మూడేళ్ళలో దాదాపు వెయ్యి పగలు తెగాయని అంటారు. ఇంత పెద్ద పని మొదలుపెట్టినవాళ్ళలో ఇరవైల్లో ఉన్న ఆడపిల్లలుండటం నాకు నిజంగా గొప్పగా అనిపిస్తుంది. కానీ వేదికెక్కి చెయ్యి కలిపింది మగవాళ్ళు. క్షమించింది జాతి పేరు మీద, జెండా పేరు మీద. నిన్నటిదాకా వంశం కోసం చావమన్నది, ఇవాళ జాతి కోసం క్షమించమంది. "మీ బిడ్డ కోసం మీరేమంటారమ్మా" అని తల్లినే అడిగిన ఇళ్ళు వాటిలో ఎన్ని? జాతి పేరు లేకుండా ఆ చేతులు కలిసేవా అని మీరు నన్నడిగితే, కలిసేవి కావనే ఒప్పుకుంటాను. ప్రాణాలు నిలిచాయి కదా అంటే, అవును, నిలిచాయి. ఆ సమాధానంతో నేను తృప్తిపడలేకపోవడం నా చదువు తెచ్చిన సుఖమేమో కూడా.

జేజి 1996లో పోయింది. ట్రంకుపెట్టె అమ్మ దగ్గరుంది. చొక్కా ఏమైందని నేను అడగలేదు, అమ్మ చెప్పలేదు. నాయన కూడా పోయి తొమ్మిదేళ్ళయింది.

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అవతలి ఇంటికి వెళ్ళాను. ఆ పిల్లవాడి తల్లి ఇంకా ఉంది, తొంభైకి దగ్గర పడి ఉంటుంది. కళ్ళు సరిగ్గా కనపడవు. ఎవరి బిడ్డనో చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కోడలితో మజ్జిగ ఇప్పించింది. ముందున్న చేటలో శెనక్కాయలుంటే నేనూ ఒలవడానికి కూర్చున్నాను. అడగాలనే వెళ్ళాను: అవ్వా, ఆ రోజు నిన్ను ఎవరన్నా అడిగారా అని. నోరు రాలేదు. పిల్లలెంతమంది, ఏం చదువుతున్నారు అని ఆమే అడుగుతూ వచ్చింది. అడిగి అడిగి, ఉన్నట్టుండి, "మీ జేజి నన్నేమన్నా అనేదా పాపా?" అంది.

జేజి నోట పదిహేనేళ్ళలో ఆమె పేరు నేను ఒక్కసారీ వినలేదు. తిట్టుగా కూడా వినలేదు. అదే చెప్పాను. ఆమె తలాడించింది, వినపడిందో లేదో మరి. బస్సు వేళయ్యేదాకా ఇద్దరం శెనక్కాయలు ఒలుస్తూ కూర్చున్నాం.